కాగితమెందుకు తమ్మీ, మనం మనం ఒకటే

కాగితం మీది సంతకానికి ఎంత బలముందో ఇందూరు (నిజామాబాద్) జనానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు తెస్తానని ఇక్కడి అభ్యర్థి ధర్మపురి అరవింద్ బాండ్ పేపర్ మీద రాసిచ్చారు. అదే ఎన్నికలో బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం రైతులు గుంపులుగా నామినేషన్లు వేశారు. అభ్యర్థుల లెక్క 185కి చేరింది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలను వరసగా పేర్చి ఓట్లు వేయించాల్సి వచ్చింది. అరవింద్ గెలిచారు. ఆ కాగితం మాత్రం ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. బోర్డు ఆలస్యమైనకొద్దీ దాని జిరాక్సులు పెరిగాయి. 2023లోనైతే ఎవరో పసుపురంగు ఫ్లెక్సీలు కట్టి, ఇదిగో మన ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు అంటూ నగరమంతా ఎగతాళి చేశారు. (వ్యంగ్యంలో ఫ్లెక్సీని మించిన పత్రిక మా ఊళ్లో లేదు, ఈ వ్యాసంతో సహా.) చివరికి 2025 సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.

ఢిల్లీకి పోయే మనిషి నోటిమాటను కూడా నమ్మక కాగితం రాయించుకున్న ఊరు మాది. అదే ఊరి పెద్దమనిషి వెబ్‌సైట్ చేయించుకోవడానికి వచ్చినప్పుడు నేను రెండు పేజీల ఒప్పందం ముందు పెడితే, నా వైపు చూసే చూపు చూడాలి మీరు. నేనేదో కట్నం అడిగినట్టు మొహం పెడతాడు.

"ఏంది తమ్మీ గిది? నా మీద నమ్మకం లేదా? కాగితమెందుకు, మనం మనం ఒకటే గదా!"

ఎందులో ఒకటో ఆయన చెప్పడు. లాభంలో కాదని మాత్రం నాకు తెలుసు.

నేను ఈ ఊళ్లో వెబ్‌సైట్లు చేసి బతికేవాణ్ణి. వెనక కంపెనీ లేదు, నెల తిరిగితే జీతం లేదు. ల్యాప్‌టాప్, ఇన్వర్టర్, ఓపిక ఇవే నా పెట్టుబడి. మూడింట్లో బ్యాటరీ ముందు దిగిపోయేది ఓపికకే. నా క్లయింట్ల గురించి చెడుగా చెప్పే ఉద్దేశం నాకు లేదు. వాళ్లు ఉత్తములు, వాళ్ల వ్యాపారంలో. ఫంక్షన్ హాల్ ఆయన ముహూర్తానికి నెలల ముందే బయానా తీసుకుంటాడు. పెళ్లి చెడిపోతే బయానా వాపసు లేదని రసీదు వెనక అచ్చు వేయించాడు. బడి నడిపే ఆయన ఫీజు బాకీ ఉన్న పిల్లాడికి హాల్‌టికెట్ చూపిస్తాడే గానీ చేతికివ్వడు. ఎరువుల దుకాణం సేటు గోడ మీద 'అప్పు రేపు' అన్న బోర్డు రంగు వెలవకుండా ఏటా కొత్తగా రాయిస్తాడు. ఖలీల్‌వాడి దవాఖానల నుంచి గాంధీచౌక్ బట్టల దుకాణాల దాకా ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా ముందు పైసలు, తర్వాత సరుకు. నా దగ్గరికి వచ్చేసరికి ముందు సరుకు, తర్వాత చుట్టరికం.

బేరం ఎప్పుడూ ఫ్లెక్సీ దగ్గర మొదలవుతుంది.

"ఫ్లెక్సీ అయితె అడుగుకు ఇంత అని చెప్తరు. నీ వెబ్‌సైట్ అడుగుకెంత?"

"అడుగుల లెక్క ఉండదన్నా. పేజీలు, ఫోటోలు, ఫారాలు, ఫోన్ల సరిగ్గా కనవడేటట్టు సెట్ చేసుడు..."

"ఫోన్ల చిన్నగనే కనవడ్తది గదా. మరి తక్కువే తీస్కోవాలె."

ఈ తర్కానికి సమాధానం ఏ కంప్యూటర్ కోర్సులోనూ చెప్పరు. ఫ్లెక్సీ కొట్టేవాడు మా అందరికంటే తెలివైనవాడు. మిషన్ లోంచి బయటికొచ్చిన ఫ్లెక్సీని చుట్టచుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుని, పైసలు చేతిలో పడితే గానీ లేపడు. నేనేమో సైటు లైవ్ చేసి, లింకు పంపి, "చూడండన్నా ఎట్లుందో" అని మెసేజ్ పెట్టి, రెండు నీలం టిక్కులు పడేదాకా ఎదురుచూస్తాను. టిక్కులు పడతాయి. ఆ నీలంలో నా ఆకాశం మొదలవుతుంది, అక్కడే అంతమవుతుంది.

బేరంలో రెండో అస్త్రం బామ్మర్ది కొడుకు. జిల్లాలో ప్రతి వ్యాపారికీ హైదరాబాద్‌లో బీటెక్ చదివే బామ్మర్ది కొడుకు ఒకడు ఉంటాడు. వెబ్‌సైట్ ఫుకట్‌గా చేస్తానన్నాడని, ఈ మధ్య ఏఐతో అయిదు నిమిషాల్లో అయిపోతుందన్నాడని, అయినా 'నీకు పని దొరుకుతదని' నా దగ్గరికి వచ్చానని చెబుతారు. ఆ అయిదు నిమిషాలు ఆ పిల్లాడికి ఏ సెమిస్టర్‌లోనూ దొరకలేదు. నేను అతన్ని ఎన్నడూ చూడలేదు గానీ, నా ప్రతి డిజైన్ మీదా తీర్పు చెప్పేది అతనే. 'జర పాప్ కొడ్తలేదు' అంటాడట. ఏది పాప్ కొట్టాలో, ఎవరిని కొట్టాలో వివరం ఉండదు.

ఇక మ్యాటర్. "మ్యాటర్ వాట్సాప్ చేసిన, చూస్కో" అంటారు. తెరిచి చూస్తే పాత కరపత్రానికి తీసిన ఫోటో. ఓ మూల మీద బొటనవేలు, ఇంకో మూల మీద చాయ్ మరక. స్పష్టమైన కాపీ కావాలంటే డీటీపీ షాపు నుంచి పేజ్‌మేకర్ ఫైలు తెప్పిస్తారు. అది అను ఫాంట్లలో ఉంటుంది. మన అచ్చు లోకమంతా ఏళ్లుగా ఆ ఫాంట్ల మీదే బతికింది, వాటిని తప్పుపట్టను. కాకపోతే వాటిలో తెలుగు అక్షరాలను వేరే గుర్తుల గదుల్లో అద్దెకు పెట్టారు. కాగితం మీద 'శ్రీ లక్ష్మీ' అని చక్కగా పడేది, బ్రౌజర్‌లోకి రాగానే చుక్కలు, గీతలు, టోపీలు పెట్టుకున్న అక్షరాలుగా మారిపోతుంది. యూనికోడ్ తన మొదటి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకు సొంత ఇల్లు కట్టించింది. గూగుల్ ఫాంట్లలో ఇవాళ మల్లన్న, సురవరం, పెద్దన, ధూర్జటి పేర్లతో తెలుగు అక్షరరూపాలు ఉచితంగా దొరుకుతాయి. మా డీటీపీ షాపుల్లో చాలావాటికి ఆ గృహప్రవేశం కార్డు ఇంకా అందలేదు. మొత్తం మళ్లీ టైపు చేయాలి, దానికి వేరే ఖర్చవుతుందని చెబితే, "టైపు చేసిందే గదా తమ్మీ, కాపీ కొట్టు" అంటారు. కాపీ కొట్టి అలాగే పెట్టి చూపించాను ఒకాయనకు. ఆ చుక్కలూ గీతలూ శ్రద్ధగా చూసి, "బాగుంది గని, జర రంగు మార్చు" అన్నాడు.

రంగు మార్చాను. మార్పుల గురించి ఎంత చెప్పినా తక్కువే. రైస్‌మిల్లు సైటుకి హోం పేజీలో బియ్యం ఫోటో ఉండాలని నేననుకున్నాను. యజమాని, వాళ్ల నాయన, నాయన గారి గురువు, ఎమ్మెల్యే, ఎమ్మెల్యే గారి నాయకుడు, వీళ్లంతా సరిపడా సైజుల్లో సర్దుకున్నాక బియ్యానికి మిగిలిన జాగాలో ఒక్క గింజ పట్టింది. ఎవరి తల ఎవరికంటే ఎన్ని అంగుళాలు పెద్దగా ఉండాలో తేల్చడం మా జిల్లాలో ఒక శాస్త్రం. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. మరునాడు పొద్దున్నే ఫోన్. కొత్త మంత్రుల ఫోటోలు దొరికాయా అని కాదు, పాత ఫోటోలు ఇంకా ఎందుకున్నాయని. ప్రజాస్వామ్యంలో అధికార మార్పిడి ఇంత త్వరగా జరిగే చోటు హోం పేజీ ఒక్కటే, పైగా ఉచితంగా.

వాస్తు మాట కూడా చెప్పాలి. లోగో ఎడమ పక్క పెడితే ఒకాయన పండితుణ్ని వెంటబెట్టుకొచ్చాడు. తెర పై అంచు ఉత్తరమట, అందుకని లోగో ఈశాన్యంలో, అంటే కుడి చేతి పై మూలన ఉండాలట. జరిపాను. కింద కుడి మూలన వాట్సాప్ గుండీ చూసి పండితుడు సంతోషించాడు. అది ఆగ్నేయం, అగ్ని స్థానం, అక్కడ మాట్లాడే గుండీ పెట్టడం మంచిదేనన్నాడు. నైరుతిలో బరువుండాలని కాపీరైట్ వాక్యాన్ని లావు అక్షరాల్లో ఎడమకు నెట్టించాడు. అన్నీ అయ్యాక, "మరి ఫోన్ అడ్డం తిప్పితే దిక్కులు మారవా సార్?" అని అడిగాను. పండితుడు కాసేపు ఆలోచించి ఫోన్ అడ్డంగా తిప్పకుండా చేయమన్నాడు. ఆయన సంభావన ఆయన చేతిలో అక్కడే పడింది. నాది 'చూద్దాం'లో పడింది.

ఇక్కడి వాళ్లకు పైసలు ఇచ్చే బుద్ధి లేదనుకునేరు, అలా ఏం కాదు. బుద్ధి ఉంది, నెలే దొరకదు. నవంబర్‌లో అడిగితే వడ్లు కాంటా కాలేదు. సంక్రాంతి అవతల అడిగితే చెరకు కటింగ్ నడుస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకి పసుపు వస్తుంది, "కొమ్ము అమ్మినంక చూద్దాం, మండ అమ్మినంక చూద్దాం". మే నెల మొత్తం పెళ్లిళ్లు. జూన్‌లో పిల్లల ఫీజులు, జులైలో వానాకాలం పెట్టుబడి, తర్వాత గణపతి చందా, ఆ తర్వాత బతుకమ్మ చీరలు, దసరా దావత్. దావత్‌కి నన్నూ పిలుస్తారు. నా బాకీలో కొంత మటన్ రూపంలో ముట్టినట్టే లెక్క.

బోధన్ వైపు పోతే ఈ వాయిదా మరింత సంపన్నం. వర్ని, కోటగిరి పక్క నిజాంసాగర్ కాలువ వెంట తరాల కిందట ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ క్యాంపులున్నాయి. అక్కడ "బాబూ, మనవాడివి, నీ డబ్బులు ఎక్కడికి పోతాయి" అని గోదావరి యాసలో ఆప్యాయంగా ఎగ్గొడతారు. బోధన్ బజార్లో ఉర్దూలో "కల్ ఆనా బేటా" అంటారు. సరిహద్దు అవతలి ధర్మాబాద్ వ్యాపారి మరాఠీలో "ఉద్యా" అంటాడు. మా తెలంగాణోడు "రేపు పొద్దుగాల ఫోన్‌పే కొడ్తా" అంటాడు. జాతీయ సమైక్యతకు ఇంత గట్టి నిదర్శనం నేనింకెక్కడా చూడలేదు. ఫోన్‌పే విషయంలో ఒక మెరుగుదల ఉంది. నంబర్ సరైందో కాదో చూడటానికి ముందు ఒక్క రూపాయి కొడతారు. ఆ రూపాయి తప్పకుండా వస్తుంది. నిజామాబాద్ జిల్లాలో ఒక వెబ్ డిజైనర్‌కి కచ్చితంగా, సకాలంలో, అడక్కుండా అందే చెల్లింపు అదొక్కటే.

దుబాయి నుంచి బేరం వస్తే సంగతి వేరనుకుంటాం. ఆర్మూర్, బాల్కొండ ఊళ్ల నుంచి పోయి అక్కడ చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్లు మంచి మనుషులు. వాయిస్ మెసేజ్‌లు పంపుతారు, ఒక్కోటి బుర్రకథంత. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర వెనక. వాళ్లు తిని తీరిగ్గా మార్పులు చెప్పే వేళకు నేను రెండో నిద్రలో ఉంటాను. పైసలు మాత్రం ఊరికొచ్చినప్పుడు ఇస్తారు. ఊరికొచ్చేది రెండేళ్లకోసారి.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నామని ఆలోచిస్తే, బోధన్ శక్కర్‌నగర్ దగ్గర ఆగాలి. 1937లో నిజాం కాలంలో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని మా తాతలు గర్వంగా చెప్పుకున్నది. ఊరికి పేరు, ఇంటికి కరెంటు, పిల్లలకు బడి, పెళ్లికి పరపతి అన్నీ దాని చుట్టూనే పెరిగాయి. 2002లో దాన్ని ప్రైవేటు చేతుల్లో పెట్టారు. 2015 డిసెంబర్‌లో తాళం పడింది. కార్మికుల జీతాల బాకీలు మిగిలాయి. చుట్టుపక్కల చెరకు చేలు చాలావరకు వరి మళ్లయ్యాయి. తెరిపిస్తామనే మాట మాత్రం ఎన్నికకో కొత్త గొంతుతో వినిపిస్తూనే ఉంది. చేసిన పనికి పైసలు రావడానికి ఒక ప్రభుత్వం, ఒక కమిటీ, ఒక నివేదిక కావాలని చిన్నప్పటి నుంచీ చూసిన ఊళ్లో, వెబ్‌సైట్ బాకీకి 'రేపు' అనడం నేరమా? పద్ధతి.

అయితే చెరకు రైతుకూ నాకూ ఒక పోలిక, ఒక తేడా ఉన్నాయి. చెరకు కోశాక ఆగదు. ఎండలో రోజులు గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. అందుకే కొడవలి పడేదాకా రైతుది పైచేయి, పడ్డాక ఫ్యాక్టరీది. లైవ్ అయిన సైటుది కూడా అచ్చం అదే జాతకం. లింకు పంపేదాకా నేను 'తమ్మీ, అన్నం తిన్నవా', పంపాక 'ఎవలు?'. ఆ అసమానత చూసే కాబోలు, కేంద్రం 1966లో చెరకు నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. చెరకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ పైసలు కట్టాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. అమలు ఎంత బాగుందో రైతుల ధర్నాలే చెబుతాయి. అయినా రైతు చేతిలో కాటా చీటీ ఉంటుంది. ఎన్ని టన్నులు, ఏ తారీఖు, ఏ బండి, అన్నీ దాని మీద ఉంటాయి. దాన్ని పట్టుకుని రోడ్డు మీద కూర్చోవచ్చు. పసుపు రైతుకు యార్డులో ఇచ్చే తక్‌పట్టీ చీటీ ఉంటుంది. నేను రోడ్డు మీద కూర్చుంటే చేతిలో ఏం పట్టుకోను? వాట్సాప్ స్క్రీన్‌షాటా? అందులో చివరి మెసేజ్ ఆయనది, దండం బొమ్మ.

చట్టం నన్ను మరిచిపోలేదని ఈ మధ్య ఒక సీఏ గారు చెప్పారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సేవాదారుకి, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎంత పొడిగించినా 45 రోజుల్లోపు, లేకపోతే పని అందిన 15 రోజుల్లోపు పైసలు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. నమోదుకు ఖర్చు సున్నా, ఆధార్, పాన్ ఉంటే చాలు. ఫిర్యాదుకి సమాధాన్ అని ఒక పోర్టల్ 2017లోనే పెట్టారు. అంతేకాదు, ఇలా గడువు దాటించి, ఆ ఏడాదిలో కట్టని బిల్లును వ్యాపారి పన్ను లెక్కలో ఆ ఏటి ఖర్చుగా రాసుకోకుండా ఆదాయపు పన్ను చట్టంలో ఒక మెలిక కూడా పెట్టారు. ఇది విని పొంగిపోయి ఒక క్లయింట్‌కి చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"పిచ్చోడా, నువ్వు బిల్లే ఇయ్యకు. నేను ఖర్చే రాసుకోను. చట్టం ఏడికెళ్లి వస్తది?"

న్యాయశాస్త్రంలో ఇంత స్పష్టత నాకు వకీళ్ల దగ్గర కూడా దొరకలేదు.

కాబట్టి కాగితం వద్దన్న పెద్దలందరికీ ఒక శుభవార్త చెప్పి నా పగ తీర్చుకుంటాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ఒకటుంది. జీతానికి పనిచేసేవాడు చేసినది యజమానిది. విడిగా కాంట్రాక్టు మీద చేసేవాడు రాసిన కోడ్, అల్లిన వాక్యాల హక్కు మొదట చేసినవాడిదే. అది చేతులు మారాలంటే సంతకంతో కూడిన కాగితం ఉండాలి, నోటిమాట చెల్లదు. అంటే, మనం మనం ఒకటే అంటూ సంతకం తప్పించుకున్న ప్రతి సేటూ, తన సొంతమనుకుంటున్న వెబ్‌సైట్‌లో నా దయ మీద కాపురం ఉంటున్నాడు. రెండు పేజీల ఆ ఒప్పందంలో నాకు లాభించే పేరాలు ఎంత లావుగా ఉన్నాయో, ఆయనకు హక్కు రాసిచ్చే పేరా కూడా అంతే లావుగా ఉంది. చదివి ఉంటే తెలిసేది. చదవడానికి తెలుగులోనే రాశాను, యూనికోడ్‌లో.

మా జాతి మాత్రం పతిత్తు కాదు, ఆ మాట కూడా దాచను. కరెంటు స్తంభాల మీద 'రెండున్నర వేలకే డైనమిక్ వెబ్‌సైట్' అని స్టిక్కర్లు అంటించేది మావాళ్లే. ఆ ధరకు వచ్చేది దొంగ థీమ్. ఇంటర్నెట్‌లో తాళం పగలగొట్టి పంచే ఆ థీమ్‌ల లోపల జూదం లింకులు, మందుల అమ్మకపు లింకులు కూర్చి ఉండటం సర్వసాధారణం. వేసినవాడికీ తెలియదు, వేయించుకున్నవాడికీ తెలియదు, గూగుల్‌కి మాత్రం తెలుస్తుంది. దవాఖానకు చేసిన సైటునే రంగు మార్చి ఫంక్షన్ హాల్‌కి అంటగట్టిన మహానుభావుడూ మాలో ఉన్నాడు. పెళ్లివారు బుకింగ్ పేజీ తెరిస్తే అందులో 'మీ వ్యాధి లక్షణాలు తెలపండి' అని ఉంది. (పెళ్లి విషయంలో అది తప్పేమీ కాదని నా అభిప్రాయం.) ఇంకో ఘనకార్యం డొమైన్ పేరు సొంత ఈమెయిల్ మీద కొనుక్కోవడం. క్లయింట్ ఊరంతా బోర్డు మీద రాయించుకున్న పేరు నిజానికి డిజైనర్ జేబులో ఉంటుంది. గొడవ వస్తే అది బందీ. పైసలు ఇవ్వని వ్యాపారి, పాస్‌వర్డ్ ఇవ్వని డిజైనర్. కాగితం లేని సంసారంలో ఎవరి ఆయుధం వాళ్లది. 2023 ఆగస్టులో ఊళ్లో ఐటీ హబ్ కూడా తెరిచారు. లోపల పిల్లలు పరాయి దేశాల కంపెనీలకు కోడ్ రాస్తుంటే, ఆ కంపెనీలు మొహమైనా చూడకుండా ఒప్పందం పంపి, నెలకు సరిగ్గా పైసలు వేస్తాయి. వాళ్లకు మనం మనం ఒకటి కాకపోవడం ఎంత అదృష్టమో.

డొమైన్ మాట వచ్చింది కాబట్టి బడి నడిపే సార్ కథ చెబుతాను. ఈయన డొమైన్ పద్ధతి ప్రకారం ఆయన పేరు మీదే ఉంది, ఆయన ఈమెయిల్ మీదే. ఏటా వెయ్యి రూపాయల పైచిలుకు కట్టి పొడిగించుకోవాలి. గడువు దగ్గర పడుతోందని చెప్పాను. పాత బాకీ సంగతీ ఎత్తాను. "రెండూ ఒక్కసారే చూద్దాం" అన్నారు. డొమైన్‌కి గడువు తీరగానే ప్రాణం పోదు. సాధారణంగా మామూలు రేటుకే పొడిగించుకోవడానికి కొన్ని రోజులిస్తారు. అది దాటాక జరిమానా కట్టి విడిపించుకోవడానికి ఇంకో 30 రోజులుంటాయి. ఆ తర్వాత 5 రోజులకు పేరు బజార్లో పడుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. ప్రతి మెట్టు మీదా నేను మెసేజ్ పెట్టాను. ప్రతి మెసేజ్‌కీ దండం బొమ్మ వచ్చింది.

వేసవి సెలవుల్లో అడ్మిషన్ల కరపత్రాలు పంచారు, కింద వెబ్‌సైట్ పేరు పెద్దక్షరాల్లో. అప్పుడొచ్చింది ఫోన్.

"ఏం తమ్మీ, మన బడి సైట్ తెరుస్తె ఆడిపిల్లలు పేకముక్కలు పట్టుకోని నిలవడ్డరు, ఏందది?"

"ఎవరో పేరు కొనుక్కున్నరు సార్. రమ్మీ సైటు పెట్టిన్రు."

"పోలీస్ కంప్లెయింట్ ఇద్దామా?"

"ఇయ్యొచ్చు. 2017 సంది తెలంగాణల ఆన్‌లైన్ రమ్మీ బందే. గని వాళ్లు ఏ దేశంల ఉన్నరో తెల్వది. పేరు మాత్రం మనమే వదులుకున్నం సార్."

కాసేపు చప్పుడు లేదు. పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటారో అని కుమిలిపోతున్నారనుకుని నేనే ఓదార్చబోయాను. అంతలో ఆయనే గొంతు తగ్గించి అడిగారు.

"తమ్మీ, ఆ సైట్‌కు రోజుకు మంది మంచిగనే వస్తున్నరా?"

"మనకు వచ్చినోళ్లకన్నా మస్తు ఎక్కువ సార్."

"మరి పేరు మన బడిదే గదా. మనకేమన్న వాటా ఇస్తరేమో జర అడిగి చూడు. అందులకెల్లే నీ బాకీ కట్టేద్దాం."